డ్రమ్ము తీసి డిస్క్ వేయించే ముందు: పాత కార్ల బ్రేకులపై అపోహలు, వాస్తవాలు

నెల్లూరు ఆటోనగర్‌లో పాత అంబాసిడర్లకూ పద్మినీలకూ బ్రేకుల పని చేసే నా దగ్గరికి ఈ మధ్య ఒకే రకం బండ్లు వరసగా వస్తున్నాయి. ముందు చక్రాల డ్రమ్ములు తీయించి డిస్కులు వేయించారు, డబ్బు ఖర్చయింది, బండి మాత్రం మునుపటికన్నా ఎక్కువ భయపెడుతోంది. నాన్నగారి జ్ఞాపకంగా దాచుకున్న కారును పిల్లలతో కలిసి నడపాలని ఆశపడిన వాళ్లే వీరిలో ఎక్కువమంది. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. వాళ్లకు సగం సగం మాటలు చెప్పి పంపే సలహాదారుల మీదే నాకు ఓపిక తక్కువ.

అపోహ: కాలిపర్, డిస్క్ బిగిస్తే పని అయిపోయినట్టే, మాస్టర్ సిలిండర్ పాతదే సరిపోతుంది.

జనానికి ఎక్కువ నష్టం తెస్తున్నది ఈ ఒక్క మాటే కాబట్టి దీనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి తోసేది మాస్టర్ సిలిండర్. ఆ ఒత్తిడితో డ్రమ్ములో షూలను లోపలినుంచి డ్రమ్ముకు అదిమేది వీల్ సిలిండర్, డిస్క్ బ్రేకులో ప్యాడ్లను డిస్కుకు అదిమేది కాలిపర్. డ్రమ్ము బ్రేకులో షూలను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులు ఉంటాయి. ఆ స్ప్రింగులు ఉన్నాయన్న ధీమాతోనే డ్రమ్ము బండ్ల మాస్టర్ సిలిండర్‌లో, ఆయిల్ బయటికి పోయే మూతి దగ్గర, ఒక చిన్న చెక్ వాల్వ్ పెట్టేవారు. పెడల్ మీంచి కాలు తీసిన తర్వాత కూడా అది పైపుల్లో దాదాపు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పది పౌన్ల) ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. వీల్ సిలిండర్ రబ్బరు కప్పుల అంచులు విచ్చుకుని ఉండటానికి, వాటి పక్కనుంచి గాలి లోపలికి చొరబడకుండా ఉండటానికి ఆ ఏర్పాటు.

కాలిపర్‌లో అలాంటి స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీలు కొద్దిగా మెలిపడి, తిరిగి తన ఆకారానికి వచ్చేటప్పుడు పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తీసుకుపోతుంది, అంతే. ఆ 10 పీఎస్ఐ అక్కడే నిలిచి ఉంటే సీలు దాన్ని నెగ్గలేదు, ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. 48 మిల్లీమీటర్ల పిస్టన్ మీద ఆ కొద్దిపాటి ఒత్తిడే దాదాపు పదమూడు కిలోల బరువుతో సమానం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఒక్కో ముందు చక్రం దగ్గర సుమారు అర కిలోవాటు వేడి పుడుతూ ఉంటుంది. బ్రేకు మీద కాలు లేకపోయినా చక్రం లోపల ఇస్త్రీపెట్టె వేసి ఉంచినట్టన్నమాట.

కావలి నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు అంబాసిడర్ తెచ్చారు. హైవే మీద అరగంట పోగానే వీల్ కప్పు చెయ్యి పెట్టలేనంత కాలుతుందట, మైలేజీ పడిపోయిందట. ఒకచోట బేరింగులు మార్చారు, మరోచోట ప్యాడ్లు మార్చారు, ఇంకోచోట బ్రేక్ ఆయిల్ కల్తీదన్నారు. రాత్రంతా షెడ్డులో నిలిపితే ఒత్తిడి మెల్లగా దిగిపోయి, తెల్లారేసరికి చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరిగేది. అందువల్ల ఆయనదంతా అనుమానమేనని తేల్చేశారు. “నాకే పిచ్చిపట్టిందేమో అనిపించింది అబ్బాయ్” అన్నారాయన. కారును కాస్త దూరం నడిపి రమ్మని చెప్పి, వేడి మీద ఉండగానే జాకీ ఎత్తాను. చక్రం బరువుగా కదిలింది, చెయ్యి తీయగానే ఆగింది. కాలిపర్‌లోంచి గాలి తీయడానికి ఉండే బ్లీడింగ్ నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయగానే సన్నని ధారగా ఆయిల్ చిమ్మింది, ఆ వెంటనే చక్రం తేలిగ్గా తిరిగింది. నిపుల్ వదిలితే చక్రం వదిలిందంటే పిస్టన్ పట్టేసుకోలేదు, కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు జామ్ కాలేదు, పైపులో ఒత్తిడి బందీగా ఉందని అర్థం. నిపుల్ వదిలినా చక్రం వదలకపోతే అప్పుడు కాలిపర్‌ను అనుమానించాలి. ఆయన బండి మాస్టర్ సిలిండర్ విప్పితే డ్రమ్ముల నాటి చెక్ వాల్వ్ అలాగే కూర్చుని ఉంది.

అయితే ప్రతి బండిలోనూ ఆ వాల్వ్ పీకి పారేయమని నేను చెప్పడం లేదు. వెనక చక్రాలకు ఇంకా డ్రమ్ములే ఉన్నాయి, కాబట్టి వెనక లైనుకు 10 పీఎస్ఐ కావాలి. ఇక పాత అంబాసిడర్లలో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరుకు దిగువన ఉంటుంది. కాలిపర్ దానికన్నా ఎత్తులో ఉంటే, బండి నిలిపినప్పుడు ఆయిల్ వెనక్కి జారి, మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ లోతుకు పోతుంది. అలాంటి బండికి ముందు లైనులో 2 పీఎస్ఐ వాల్వ్ పెట్టాలి. మాస్టర్ సిలిండర్ ఇంజన్ వైపు గోడ మీద ఎత్తుగా ఉన్న బండికి అదీ అక్కరలేదు. ఈ తేడాలన్నీ చూసుకుంటే, ముందుకూ వెనక్కూ వేర్వేరు గదులున్న టాండెమ్ మాస్టర్ సిలిండర్ వేయించడమే మేలని నా అభిప్రాయం. పాత సింగిల్ సిలిండర్ బండిలో ఒక్క హోస్ పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది.

ఇదే అపోహకు రెండో ముఖం కూడా ఉంది: పెడల్ రాయిలా గట్టిగా ఉండటం. డ్రమ్ము తిరిగే వైపే షూ తిరగబోయి తనను తానే మరింత గట్టిగా అదుముకుంటుంది. అంబాసిడర్ ముందు చక్రానికి రెండేసి వీల్ సిలిండర్లు, రెండు షూలూ అలా పనిచేసేవే. డిస్క్‌కు ఆ సాయం లేదు, మొత్తం బలం మన కాలి నుంచే రావాలి. అందుకే వాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి, లేదా మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) తగ్గాలి. ఒక అంగుళం బోరు నుంచి ముప్పాతిక మీద అర పావు అంగుళానికి, అంటే 25.4 నుంచి 22.2 మిల్లీమీటర్లకు దిగితే, అదే కాలి బలానికి ఒత్తిడి దాదాపు 30 శాతం పెరుగుతుంది. కానీ పెడల్ ప్రయాణమూ ఆ మేరకు పెరుగుతుంది. కాలిపర్ పిస్టన్‌కు కావలసినంత ఆయిల్ పంపేలోపే పెడల్ నేలకు తగిలితే ఆ లాభం నీటిపాలే.

బూస్టర్ విషయంలో మన జిల్లాలో తరచూ జరిగే పొరపాటు డీజిల్ అంబాసిడర్ది. పెట్రోలు ఇంజన్‌కు గాలి పీల్చుకునే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ దొరుకుతుంది. ఈ డీజిల్ ఇంజన్లలో అది పనికొచ్చేంత ఉండదు కాబట్టి విడిగా వాక్యూమ్ పంపు ఉండి తీరాలి. పంపు లేకుండా మానిఫోల్డ్‌కు పైపు తగిలించిన బూస్టర్లను నేను ఒకటికి నాలుగు చూశాను. అవి బానెట్ కింద బరువు తప్ప మరేమీ కావు. పరీక్ష తేలిక: ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టరే పాడైంది.

అపోహ: డిస్క్ వేస్తే బండి సగం దూరంలోనే ఆగుతుంది.

బండిని చివరికి ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు. సరిగా అడ్జస్ట్ చేసిన డ్రమ్ము కూడా చక్రాన్ని లాక్ చేయగలదు, కాబట్టి మొదటి బ్రేకుకు దూరంలో పెద్ద తేడా ఉండదు. డిస్క్ విలువ తెలిసేది శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ రోడ్డులో దిగివచ్చేటప్పుడు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. డిస్క్ మందమై ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా గాలికి త్వరగా చల్లారుతుంది. నవంబరు వానల్లో నీళ్లలోంచి బండి తీసిన వాళ్లకు కూడా తేడా తెలుస్తుంది: తడిసిన డ్రమ్ము ఆరడానికి సమయం పడుతుంది, డిస్క్ ఒకటి రెండుసార్లు తిరిగేసరికే నీటిని విదిల్చేస్తుంది. మీ అంబాసిడర్ ఊళ్లో పెళ్లిళ్లకు, ఎప్పుడైనా మైపాడు బీచికి తప్ప తిరగనిదైతే, ముందుగా డ్రమ్ముల లోపలి వైపును లేత్ మీద సాపు (టర్నింగ్) చేయించి, షూలకు కొత్త లైనర్లు, హోసులు వేయించి, ముందు చక్రానికి ఉన్న రెండు అడ్జస్టర్లనూ సరిచేయించి చూడండి. చాలామంది అక్కడే ఆగిపోతారు, నాకు పని తగ్గినా ఫరవాలేదు.

మిగిలినవి త్వరగా. కొత్త కాలిపర్లలో ఎన్నిసార్లు గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉంటే నిపుల్ ఎటు ఉందో చూడండి: కుడి ఎడమలు తారుమారు చేసి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, పైన చేరిన గాలి ఎప్పటికీ రాదు. “ఏ మారుతి కాలిపర్ అయినా పడుతుంది” అన్నది పాత సామాన్ల అంగడి మాట. లేత్ షెడ్డులో కోసిన బ్రాకెట్‌ను బోల్టులతో బిగించవచ్చు, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్‌కు మాత్రం వెల్డింగ్ తగలనివ్వకండి. అక్కడ పగులు వస్తే చక్రమే ఊడిపోతుంది. వెనక కూడా డిస్కులు ఉంటేనే ప్రయోజనం అన్నదీ తప్పే. బ్రేకు భారంలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే, హ్యాండ్ బ్రేకుకు వెనక డ్రమ్ములే నయం. అయితే ముందు డిస్కులు పడ్డాక వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతుంటే, వెనక లైనులో ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టించాలి. లేకపోతే తడి రోడ్డు మీద బండి గిర్రున తిరుగుతుంది.

బ్రేక్ ఆయిల్ విషయంలో డాట్ 5 అంటే డాట్ 4 కన్నా మెరుగైనదని భ్రమపడి రెండూ కలపకండి. డాట్ 5 సిలికాన్, డాట్ 3, 4, 5.1 గ్లైకాల్ జాతివి. మన సముద్రతీర తేమలో గ్లైకాల్ ఆయిల్ నీటిని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరిన తర్వాత ఆ హద్దు 155కు పడిపోతుంది. కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. రబ్బరు కప్పులను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడిగితే అవి ఉబ్బిపోతాయి. వాటిని బ్రేక్ ఆయిల్‌తోనే తుడవండి.