ప్రెజెంటేషన్ అనంగానే వణికే మన పిల్లల కోసం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పీజీ పిల్లలకీ పీహెచ్‌డీ స్కాలర్లకీ ప్రెజెంటేషన్ ఎట్టా ఇవ్వాలో నేర్పిస్తా ఉంటాను. యాడికి పోయినా ఇవే మాటలు వినపడతా ఉంటే ఒకచోట రాద్దామనిపించింది.

అపోహ: ఇంగ్లీష్ గడగడా వస్తేనే ప్రెజెంటేషన్ బాగుంటుంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఈ మాట నమ్మి వెనక బెంచీల్లోనే ఉండిపోతారు. రొయ్యల గుంటల నీళ్ళ మీద పనిచేసే ఒకమ్మాయి, స్లైడ్ నిండా టేబుల్ పెట్టి ఇంగ్లీష్ అంతా కంఠతా పట్టొచ్చింది, మధ్యలో ఒక్క ముక్క గుర్తు రాక ఆగిపోయింది, కళ్ళలో నీళ్ళు. ల్యాప్‌టాప్ మూసేయమ్మా, మీ నాయనకి చెప్పినట్టు చెప్పు అన్నాను. "రాత్రంతా గుంటలో నాచూ రొయ్యలూ అన్నీ ఆక్సిజన్ వాడేసుకుంటాయి సార్, ఎండ ఉండదు కాబట్టి నాచు కొత్తగా తయారుచెయ్యదు, అందుకే తెల్లారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలిపోతాయి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అదే కదా ప్రెజెంటేషన్! ఆ మాటల్నే చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చేశాం, టేబుల్ తీసేసి 24 గంటల గ్రాఫ్ ఒక్కటే పెట్టాం, పైన "రిజల్ట్స్" అని కాకుండా తెల్లారుజామున ఆక్సిజన్ అడుగంటుతుందని అర్థమయ్యేటట్టు హెడ్డింగ్ రాశాం.

అపోహ: బాడీ లాంగ్వేజే 93 శాతం, మాటలు 7 శాతమే

పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో తెగ చెప్తారు. ఇది సైకాలజిస్ట్ ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చిన లెక్క. అక్కడ విడి విడి మాటలు వినిపించి, చెప్పేవాళ్ళకి ఎదుటి మనిషంటే ఇష్టమా కాదా అని గొంతునీ ముఖాన్నీ బట్టి పోల్చమన్నారు, అంతే. భావాల సంగతి తప్ప వేరేవాటికి ఆ లెక్క వాడొద్దని ఆయనే చెప్పాడు. థీసిస్‌లో 93 శాతం చేతులు ఊపి ఎట్టా చెప్తారు?

అపోహ: అంతా స్లైడ్‌లో రాసుకుంటే మర్చిపోం

మర్చిపోరు గానీ, జనం చదువుకుంటా కూర్చుంటారు, మీ మాట వినరు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్ పోటీలో థీసిస్ అంతా చెప్పడానికి 3 నిమిషాలు, ఒకటే స్లైడ్, మీరూ ఇంట్లో అట్టా చేసి చూడండి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో అప్పుడు తెలుస్తుంది.

అపోహ: స్టేజ్ ఫియర్ పూర్తిగా పోవాలి

పోకపోయినా ఏం కాదు. మొదటి రెండు వాక్యాలు మాత్రం నోటికి వచ్చి ఉండాలి, నాలుగైదుసార్లు పైకే చెప్పుకోండి, మనసులో చదువుకుంటే చాలదు.

అపోహ: ప్రశ్నకి తెలీదంటే పరువు పోతుంది

తెలీనిదానికి ఏదో అల్లితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "అది నేను కొలవలేదు సార్, నేను చూసింది ఇంతవరకు" అని చెప్పి మీ గ్రాఫ్ మళ్ళీ చూపించండి. పవర్‌పాయింట్‌లో స్లైడ్‌షో నడిచేటప్పుడు నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కే పోతుంది, కాబట్టి ముఖ్యమైన గ్రాఫుల నంబర్లు ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి.