ముసలి పిల్లికి దాహం

తిరుపతిలో రోహిణి కార్తె ఎండలకి మనుషులే నీళ్ల చెంబు వదలరు. అందుకే మా పన్నెండేళ్ల పిల్లి మాటిమాటికీ తొట్టి దగ్గరికి పోతుంటే, పాపం ఎండ అనుకున్నాం. వానలు పడి ఊరు చల్లబడ్డా అది తొట్టి వదల్లేదు. అప్పుడుగానీ మాకు అనుమానం రాలేదు.

అసలు పిల్లికి దాహం తక్కువ. దాని పూర్వీకులు ఎడారి అంచుల్లో తిరిగిన అడవి పిల్లులు. పట్టిన ఎలుకలో ఉన్న తడితోనే చాలావరకు సరిపెట్టుకునేవి. దానికి తగ్గట్టే కిడ్నీలు మూత్రాన్ని బాగా చిక్కబరిచి, ఒంట్లో నీళ్లు పోకుండా కాపాడతాయి. పిల్లికి ఒక్కో కిడ్నీలో సుమారు 2 లక్షల నెఫ్రాన్లు, అంటే వడపోత గొట్టాలు ఉంటాయి. మనకైతే దాదాపు 10 లక్షలు. పాడైనవి మళ్లీ పుట్టవు. మూడింట రెండొంతులు పోయేసరికి చిక్కబరిచే శక్తి తగ్గి మూత్రం పల్చగా, ఎక్కువగా పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే తాగడం. ఈ సంగతి తెలియక, ఇల్లంతా తడిపేస్తోందని నీళ్ల గిన్నె తీసేసేవాళ్లున్నారు. దానికి అంతకంటే అపకారం లేదు.

రక్తంలో క్రియాటినిన్, అంటే కండల నుంచి వచ్చి కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, పెరిగేది నెఫ్రాన్లలో దాదాపు ముప్పాతిక భాగం పోయాకే. పైగా కండ కరిగిపోయిన ముసలి పిల్లిలో ఆ అంకె ఉండాల్సినదానికంటే తక్కువే కనిపిస్తుంది. అందుకే మూత్రం సాంద్రత, బీపీ కూడా చూడాలి. బీపీ బాగా పెరిగితే ఉన్నట్టుండి కళ్లు పోవచ్చు. షుగరు, థైరాయిడ్ ఉన్నా దాహం వేస్తుంది కాబట్టి అవీ పరీక్షిస్తారు. ఊళ్లో 1955 నుంచీ వెటర్నరీ కాలేజీ ఉన్నా, ఆవుని తోలుకెళ్లినంత తేలిగ్గా పిల్లిని బుట్టలో పెట్టుకెళ్లడానికి మనకెందుకో మొహమాటం.

పోయిన కిడ్నీ తిరిగి రాదు, మిగిలినదాని మీద బరువు తగ్గించడమే వైద్యం. అందులో ముఖ్యం ఫాస్ఫరస్ తక్కువుండే తిండి. పాలు, పెరుగన్నం ఆ లెక్కలోకి రావు. తడి ఆహారంలో నీరు 75 శాతం పైనే, డ్రై ఫుడ్‌లో 10 శాతమే. చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు నేర్పితే ఇంట్లోనే చేయొచ్చు. మనం వేసుకునే నొప్పి మాత్రలు మాత్రం ముక్క కూడా వద్దు.

లిల్లీ విషమని చదివి మా పక్కింటావిడ పూలదండ పారేసింది. మన దండల్లో లిల్లీ వేరే మొక్క, దాంతో ఆ భయం లేదు. కిడ్నీలు చంపేది బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ, దాని పుప్పొడి నాకినా ప్రమాదమే.

ఇప్పుడు పొద్దున్నే కొలిచి నీళ్లు పోస్తున్నాను, మర్నాడు మిగిలినవి కొలుస్తున్నాను. కిలో బరువుకి రోజుకి 50 మిల్లీలీటర్లు దాటితే అది ఎండ దాహం కాదు.