తెగిన మోకు కొస ఏం చెబుతుంది

తుఫాను హెచ్చరిక రాగానే మన మరపడవలు కాకినాడ, విశాఖ రేవుల్లోకి చేరిపోతాయి. మోకులు బిగించి మనుషులు ఇళ్లకు పోతారు. కరీబియన్ సముద్రంలో తెరచాప పడవల మీద తిరిగే చాలామందికి ఆ వెసులుబాటు లేదు. పడవే ఇల్లు. 1989 సెప్టెంబరులో హ్యూగో హరికేన్ వస్తోందని తెలిసి వందలాది పడవలు ప్యూర్టో రికో పక్కనున్న కులేబ్రా అనే చిన్న దీవికి పరుగెత్తాయి. అక్కడ ఎన్సెనాడా ఓండా అనే అఖాతం ఉంది. మూతి ఇరుకు, అడ్డంగా పగడపు దిబ్బలు, చుట్టూ కొండలు, అంచుల్లో మడచెట్లు. ఇలాంటి చోటుని నావికులు ‘హరికేన్ హోల్’ అంటారు.

దిబ్బలు పెద్ద అలల్ని ఆపుతాయి, సరే. గాలినేం చేస్తాయి? గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. బండి మీద 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మనకెదురయ్యే గాలి, చదరపు మీటరు రేకు మీద సుమారు 17 కిలోల బరువంత తోస్తుంది. అదే 240 అయితే 270 కిలోలు! ఆ రోజు కులేబ్రా రేవులోనే నైట్‌క్యాప్ అనే నౌక మీద గంటకు 270 కిలోమీటర్ల గాలి దెబ్బ నమోదైంది. అందుకే ముందురోజే తెరచాపలు, ఎండ గుడ్డలు, చిన్న పడవ, గాలికి దొరికే ప్రతిదీ విప్పి లోపల పెడతారు.

ఇక లంగరు. మామూలు రోజుల్లో దాని గొలుసు నీళ్లలో వంపు తిరిగి వేలాడుతుంది. పడవ వెనక్కి లాగితే ఆ వంపు మెల్లగా సాగి కుదుపు మింగేస్తుంది. అంత గాలిలో వంపేమీ మిగలదు, గొలుసు ఇనుప కడ్డీలా తిన్నగా బిగుస్తుంది. అప్పుడు ప్రతి కుదుపూ నేరుగా పడవ ముక్కుకే తగులుతుంది. దానికి విరుగుడుగా మధ్యలో నైలాన్ మోకు కడతారు, అది రబ్బరులా సాగుతుంది. కానీ సాగిన ప్రతిసారీ పడవ అంచుకి రాసుకుంటుంది. పోగులు ఒకదానితో ఒకటి రాపాడి లోపల వేడెక్కుతాయి కూడా.

కాబట్టి పడవలో ఉన్నవాళ్ల పని రాత్రంతా ఒకటే. ఇంజను ముందుకు నడుపుతూ లంగరు మీద భారం తగ్గించడం, మధ్యమధ్య పాక్కుంటూ పడవ ముక్కు దాకా పోయి, మోకు రాసుకునే చోట గొట్టం ముక్కో గుడ్డ పీలికో చుట్టి రావడం. వాన చినుకులు గులకరాళ్లలా కొడతాయి, కళ్లు తెరవలేరు. ఈతగాళ్ల అద్దాలు పెట్టుకునేది అందుకే.

ఇవన్నీ సరిగ్గా చేసినవాళ్లకూ ఒక టెన్షన్ తప్పదు. పక్క పడవ! గాలి వచ్చే వైపున్న ఎవరి మోకో తెగితే, ఆ పడవ కొట్టుకొచ్చి మన గొలుసులో చిక్కుకుంటుంది. ఒక లంగరు రెండు పడవల్ని మోయదు. ఆపైన గాలి ఒకే దిక్కున ఉండదు. 18వ తేదీ ఉదయం హ్యూగో కన్ను, అంటే తుఫాను నడిమధ్య భాగం, కులేబ్రాకి దక్షిణాన వియెకెస్ దీవి మీదుగా పోయింది. కన్ను కదిలేకొద్దీ ఈశాన్యపు గాలి తూర్పుకి, ఆగ్నేయానికి తిరిగింది. అఖాతం మూతి ఉన్నదీ అటే. హుద్‌హుద్ నాడు విశాఖలో ఉన్నవాళ్లకి గాలి దిశ మార్చడమంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

గాలి తగ్గాక చూస్తే చాలా పడవలు గట్టున ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, కొన్ని నీటి అడుగున. నన్నడిగితే ముందే పడవ వదిలి గట్టెక్కడమే మంచిది. ఇల్లు వదలడం అంత తేలికా అంటే, కాదు.

ఇలాంటి చోట నష్టం లెక్కగట్టేవాళ్లు చూసే వాటిలో మోకు కొస ఒకటి. కుచ్చులా పీచు లేచి ఉంటే అంచుకి రాసుకుని తెగింది. గట్టిగా, గాజులా ముద్దకట్టి ఉంటే వేడికి కరిగింది. మోకు బాగానే ఉండి, దాన్ని కట్టిన దిమ్మే డెక్కు ముక్కతో సహా ఊడొస్తే, తప్పు పడవ తయారుచేసినవాళ్లది. మడచెట్లలోకి దూరిన పడవలకు సాధారణంగా దెబ్బలు తక్కువ. కింద మెత్తని బురద, చుట్టూ వంగే వేళ్లు. కోరింగ మడ అడవి చూసినవాళ్లు ఇది ఊహించుకోగలరు.

చెట్లకూ దెబ్బ తగులుతుంది. 2017లో ఇర్మా హరికేన్ తర్వాత నాసా ఉపగ్రహ చిత్రాల్లో వర్జిన్ దీవులు ఆకుపచ్చ పోయి గోధుమరంగులో కనిపించాయి. గాలి ఆకుల్ని దూసేసింది, మిగిలినవి ఉప్పు తుంపరకి మాడాయి. హుద్‌హుద్ తర్వాత కైలాసగిరి అలాగే కనిపించింది.

మునిగిన పడవని వెంటనే పైకి లాగాలని అందరికీ తొందరగా ఉంటుంది. మెకానిక్ దొరికేదాకా ఆగమంటారు తెలిసినవాళ్లు. ఇంజను నీళ్లలో ఉన్నంతసేపూ తుప్పు నెమ్మదిగా పడుతుంది. ఉప్పుతో తడిసి గాలి తగిలాకే అసలు తుప్పు మొదలవుతుంది. అందుకే బయటికి తీసిన రోజే మంచినీళ్లతో కడిగి, లోపల నూనె పోసి తిప్పాలి.