మధుమేహం లెక్కలో మిఠాయి లేదు

షుగరు ఎందుకు వచ్చిందని అడిగితే మన దగ్గర తరచుగా వినిపించే జవాబు ‘తీపి ఎక్కువగా తినేవాణ్ణి’ అన్నదే. అయితే చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ప్రకటించిన భారతీయ మధుమేహ ముప్పు స్కోరులో తీపి ప్రస్తావనే లేదు. వయసు, నడుము చుట్టుకొలత, శరీర శ్రమ, తల్లిదండ్రులకు ఈ జబ్బు ఉందా లేదా అన్న నాలుగు విషయాలకే అందులో మార్కులు వేస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 45 ఏళ్ల కిరాణా వ్యాపారి ఒకాయన రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, వ్యాయామం లేదు. నడుము 94 సెంటీమీటర్లు. తల్లికి షుగరు ఉంది. వయసుకు 20, నడుముకు 10, శ్రమ లేనందుకు 30, తల్లి వైపు నుంచి 10, వెరసి 70. అరవై గానీ అంతకు మించి గానీ వస్తే ముప్పు ఎక్కువని అర్థం. ఆయన జీవితంలో జిలేబీ ముట్టకపోయినా ఈ అంకె మారదు. తీపి నిర్దోషి అని కాదు. అది బరువు పెంచి, నడుము దారిన వచ్చి చేరుతుంది.

ఆ నడుమును ప్యాంటు సైజుతో కొలవకూడదు, ఎందుకంటే మన మగవాళ్లు చాలామంది బెల్టును పొట్ట కిందికి జార్చి పెట్టుకుంటారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు. బరువు సరిగానే ఉందన్న ధీమా కూడా చెల్లదు. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఒక బ్రిటిష్ వైద్యుడు కలిసి తీయించుకున్న ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది: ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) 22.3, కానీ ఒంట్లో కొవ్వు బ్రిటిష్ వైద్యుడికి 9.1 శాతం, మనవాడికి 21.2 శాతం. పొట్టలోపలి అవయవాల చుట్టూ చేరే కొవ్వు కాలేయానికి కొవ్వు ఆమ్లాలను పంపుతూ, రక్తంలో గ్లూకోజును అదుపు చేసే ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది.

జబ్బు వచ్చాక కూడా చాలామందికి తెలిసింది పరగడుపు అంకె ఒక్కటే. పరీక్షకు మూడు రోజుల ముందు అన్నం మానేసి జొన్నరొట్టెకు మారితే ఆ అంకె దిగవచ్చు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష అలా లొంగదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, ఆ కాలంలో దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజు దాన్ని వదలదు. కాబట్టి రెండు మూడు నెలల నడవడి అందులో కనపడుతుంది. (రక్తహీనత ఉన్నప్పుడు ఇదీ తప్పు చెప్పవచ్చు, ఆ సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి.) ‘నార్మల్ వచ్చింది, మాత్రలు ఆపేశాను’ అనేవారు, ఆ నార్మల్‌ను తెచ్చింది ఆ మాత్రలేనని గమనించరు.

అన్నిటికంటే తక్కువ తెలిసింది పాదాల సంగతి. నొప్పి లేదు కనుక బాగానే ఉన్నామనుకుంటారు, నిజానికి నరాలు దెబ్బతిన్న పాదానికి నొప్పి తెలియదు. కాలి నుంచి చెప్పు జారిపోయినా గమనించకుండా నాలుగడుగులు నడిచి వెళ్లినవారు ఉన్నారు. దీనికి చేసే పరీక్ష కూడా చిన్నదే: పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును, రోగి కళ్లు మూసుకుని ఉండగా, అరికాలి మీద అక్కడక్కడా ఆనించి ‘తెలిసిందా?’ అని అడుగుతారు.