నాలుక అందని చోటే పిడుదు

ఒకే కొట్టంలో పక్కపక్కనే కట్టేసినా ఆవు ఒంటినిండా పిడుదులు, గేదెకు వెతికితే నాలుగైదు. ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. గేదెకు తోలు మందం, వెంట్రుకలు పలచన, పైగా బురదలో పొర్లుతుంది. ఇదంతా నిజమే. కానీ నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది పిడుదు కడుపు నింపుకోవడానికి పట్టే టైము.

దోమలా కుట్టి ఎగిరిపోవడం దీనికి కుదరదు. పశువుల్ని బాగా పీడించే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ జాతి పిల్ల, ఆరు కాళ్లతో గడ్డి కొసకెక్కి కాచుకుంటుంది. ముందుకాళ్లలోని హాలర్ అవయవంతో పశువు ఊపిరిని పసిగడుతుంది. ఎక్కాక రెండుసార్లు కుబుసం విడిచి, దాదాపు మూడు వారాలు అదే పశువు మీద గడపాలి. అన్నాళ్లూ నాలుకకు, తోకకు చిక్కకూడదు. అందుకే చెవి లోపల, గంగడోలు మడతల్లో, తోక కింద, పొదుగుకీ తొడకీ నడుమ చేరుతుంది.

అసలు పోరు మొదటి రోజుల్లోనే. మూపురం ఉన్న జాతుల చర్మం కాటుకు త్వరగా స్పందిస్తుంది. దురద పుడుతుంది, ఆవు నాకుతుంది, పిల్లలు ఊడిపోతాయి. నాక్కోకుండా పశువుల్ని కట్టి ఉంచిన ప్రయోగాల్లో పిడుదులు బాగా పెరిగాయి. దురద పుట్టించే హిస్టమిన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్లు పిడుదుల లాలాజలంలో ఉంటాయి. దురద తెలియకపోతే నాలుక కదలదు! విదేశీ జాతుల్లో, వాటి సంకరాల్లో ఈ స్పందన తక్కువ. పాఠకుడి ఆవు సంకరజాతిదైతే తేడాకు అదీ ఒక కారణం.

ఆడపిడుదు చివరి రోజున రక్తం గబగబా తాగి, అక్కర్లేని నీటిని లాలాజలంగా మళ్లీ పశువులోకే వదులుతుంది. బరువు వందరెట్లు దాటాక రాలిపోయి, నేల మీద రెండు మూడు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. పిడుదులు మట్టిలోంచి వాటంతటవే పుడతాయన్న నమ్మకానికి మూలం ఇదేనేమో.

జీవితమంతా ఒకే పశువు మీద గడిపితే, బెబీసియా అనే రక్తంలోని పరాన్నజీవి తెచ్చే జ్వరం ఇంకో పశువుకు ఎలా చేరుతుంది? గుడ్ల ద్వారా. తల్లి తాగిన రక్తంలోని బెబీసియా గుడ్లలోకి చేరి, పిల్లలతోపాటు కొత్త పశువెక్కుతుంది. ఈ జ్వరం పిడుదుల వల్లే వస్తుందని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో ప్రకటించారు. హయలోమా అనే ఇంకో రకం పిడుదుల దారి వేరు. అవి మధ్యలో దిగి, గోడ పగుళ్లలో కుబుసం విడిచి ఇంకో పశువునెక్కుతాయి. అవి మోసే థైలేరియా అనే మరో జ్వరపు పరాన్నజీవి మాత్రం వాటి గుడ్లలోకి వెళ్లదు. కాబట్టి తోక ఎత్తి చూడటంతోపాటు కొట్టం గోడల పగుళ్లు కూడా పూడ్చాలి.