గాజు పారుతుందా?

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివాను. గాజు నిజానికి ద్రవమేననీ, కంటికి తెలియనంత నెమ్మదిగా కిందికి జారుతూ ఉంటుందనీ, యూరప్‌లో వందల ఏళ్ల నాటి చర్చిల కిటికీ అద్దాలు అందుకే అడుగున మందంగా ఉంటాయనీ బుజ్జికి క్లాసులో ఎవరో చెప్పారట. వేలితో కొడితే టకటకమంటోంది కదా, అది ద్రవమెలా అవుతుందని చిన్ని వాదించిందట. ఎవరి మాటా తెగక తీర్పు నాకు వదిలేశారు.

తీర్పు ముందే చెప్పేస్తాను. గాజు ఘనపదార్థమే. కిటికీ అద్దం జారిపోదు. అలాగని చిన్ని గెలిచినట్టు కాదు. టకటకమనడం అసలు రుజువే కాదు, ఎందుకో తర్వాత చెబుతాను. బుజ్జి విన్న మాటలోనూ ఒక నిజం దాక్కుని ఉంది. ముందు దాన్ని బయటికి తీద్దాం.

మీరు స్టాచ్యూ ఆట ఆడతారుగా. ఇంటర్వెల్‌లో స్కూలు మైదానం ఎలా ఉంటుందో తలుచుకోండి. పిల్లలందరూ ఒకరినొకరు రాసుకుంటూ, తోసుకుంటూ, సందు దొరికితే దూరిపోతూ తిరుగుతుంటారు. ఎవరికీ ఇది నా చోటు అని ఉండదు. ద్రవంలో పరమాణువులు, అణువులు ఇలాగే ఉంటాయి. ఇంతలో బెల్లు కొడతారు. అందరూ వచ్చి వరసల్లో నిలబడతారు. ముందువాడికి చేతి దూరం, పక్కవాడికి చేతి దూరం. ఒక మూల చూస్తే చాలు, మైదానం అవతలి మూలలో ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పేయొచ్చు. మంచు, ఉప్పు, వజ్రం, ఇనుము, అన్నీ ఇలా వరసల్లో నిలబడ్డవే. వాటిని స్ఫటికాలు అంటారు.

ఈసారి బెల్లు కొట్టలేదు, ఎవరో ఒక్కసారిగా "స్టాచ్యూ!" అని అరిచారు. పరిగెత్తేవాడు కాలు లేపినవాడు లేపినట్టే ఆగిపోయాడు. ఒకమ్మాయి జడ సర్దుకుంటూ ఆగిపోయింది. ముగ్గురు ఒకరి మీద ఒకరు పడబోతూ ఆగిపోయారు. ఎవరూ కదలడం లేదు, కానీ ఎక్కడా వరస అన్నది లేదు. ఆ క్షణాన ఫొటో తీసి చూపిస్తే, అందరూ పరుగులు తీస్తున్నారనే అనుకుంటారు. గాజు ఇదే. అమరిక ద్రవానిది, నిశ్చలత ఘనానిది.

బుజ్జీ, నువ్వు విన్న మాటలో నిజం ఇంతవరకే. ఎవరో ఊహించి చెప్పింది కాదిది, కొలిచి చూసిందే. స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలు పంపితే అవతల క్రమంగా అమరిన చుక్కలు పడతాయి. గాజు గుండా పంపితే మసక వలయాలే వస్తాయి, ద్రవాలకు వచ్చినట్టే. లోపల వరసలు లేవని ఆ వలయాలే చెబుతాయి. అందుకే శాస్త్రవేత్తలు గాజును అస్ఫటిక ఘనపదార్థం అంటారు.

ఈ ఆటను ఇంకొంచెం సాగనివ్వండి, ఇందులో ఇంకా ఉంది. మన కిటికీ గాజుకు ముఖ్యమైన ముడిసరుకు ఇసుక, అంటే సిలికా. అందులో ఒక్కో సిలికాన్‌కు నాలుగు చేతులు, ఒక్కో ఆక్సిజన్‌కు రెండు చేతులు. మైదానంలో పిల్లలంతా చేతులు పట్టుకుని చిక్కుపడి ఉన్నారన్నమాట. వరసలో నిలబడాలంటే పాత చేయి వదలాలి, కొత్త చేయి అందుకోవాలి. ఆ పని పూర్తయ్యేలోపే చల్లబడిపోతుంది, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. వట్టి సిలికా కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి. సోడా కలిపితే అది మధ్యలో దూరి కొన్ని చేతులు విడిపిస్తుంది, తక్కువ వేడికే కరుగుతుంది. కానీ సోడా మాత్రమే కలిపితే ఆ గాజు నీళ్లలో కరిగిపోతుంది. అది తట్టుకోవడానికి సున్నం కూడా కలుపుతారు.

లోహాల్లో ఇలా పట్టుకునే చేతులు లేవు. చల్లబడితే చాలు, చిటికెలో వరసకట్టేస్తాయి. "స్టాచ్యూ" అనే వ్యవధి కూడా ఇవ్వవు. అందుకే లోహంతో గాజు చేయడం, అంటే లోహాన్ని వరసకట్టనివ్వకుండా గడ్డకట్టించడం, చాలాకాలం ఎవరి వల్లా కాలేదు. 1960లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ అనే విద్యాసంస్థలో పాల్ డువే, ఆయనతో పనిచేసినవాళ్లు బంగారంలో సిలికాన్ కలిపి కరిగించి, సెకనుకు సుమారు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చారు. అంత హఠాత్తుగా అరిస్తే గానీ ఆ పరమాణువులు వరస తప్పలేదు.

గాజు మెత్తబడడం నేను మొదటిసారి చూసింది హైస్కూల్లో. మా సైన్సు మాస్టారు సన్నటి గాజు గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని మంట మీద తిప్పుతూ ఉండేవారు. కాసేపు ఏమీ జరిగేది కాదు. తర్వాత మంట పసుపు రంగుకు మారేది. ఆ పసుపు గాజులోని సోడియం వల్ల వస్తుందని అప్పుడు మాకు తెలీదు, అదేదో మాస్టారి మహిమ అనుకునేవాళ్లం. ఇంకాసేపటికి గొట్టం దానంతటదే మధ్యలో వంగిపోయేది. చుక్క కూడా కారేది కాదు, విరిగేది కాదు, వంగేదంతే. మాస్టారు దాన్ని పలక మీద పెట్టి, "అందరూ చేతులు వెనక్కి పెట్టుకోండి" అనేవారు. కాలే గాజు, చల్లటి గాజు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. మా వెనక బెంచీ కుర్రాడు ఒకడు ఆగలేక చెయ్యి చాపితే, ఆయన గబుక్కున మణికట్టు పట్టుకుని ఆపారు. కంటికి మామూలుగా కనబడినంత మాత్రాన ఏ వస్తువునూ మామూలేనని అనుకోకూడదని నాకు అప్పటినుంచీ మనసులో ఉండిపోయింది. మీరూ ఉంచుకోండి.

మంచు అలా వంగుతూ కరగదు. సున్నా డిగ్రీల దగ్గర ఆగి, మొత్తం నీళ్లయ్యేదాకా అక్కడే ఉంటుంది. ఇటు ఘనం, అటు ద్రవం, మధ్యన స్పష్టమైన గడప. గాజుకు ఆ గడప లేదు. కిటికీ గాజు సుమారు 550 డిగ్రీల దగ్గర సడలడం మొదలుపెట్టి, వేడి పెరిగేకొద్దీ మెత్తబడుతూ, చివరికి పారే స్థితికి వస్తుంది. మన ఆటలో "ఓవర్" అని ఎవరూ అరవరన్నమాట. ముందు ఒకరి వేలు కదులుతుంది, తర్వాత ఇంకొకరి భుజం, ఆ తర్వాత ఎవరో ఒకడుగు వేస్తారు. చూస్తూ చూస్తూ ఉండగానే అందరూ పరుగులో ఉంటారు. ఆట ఏ క్షణాన ఆగిపోయిందో ఎవరూ చెప్పలేరు.

ఇక చిన్నీ, నీ టకటక సంగతి. తారు నుంచి తీసే పిచ్ అనే నల్లటి పదార్థం ఉంది. సుత్తితో కొడితే ముక్కలు ముక్కలుగా పగులుతుంది. అయినా అది ద్రవమే. 1927లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు దాన్ని వేడిచేసి గరాటులో పోసి, మూడేళ్లు కుదురుకోనిచ్చి, 1930లో గరాటు కాడ కోశాడు. మొదటి చుక్క రాలడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 2014 నాటికి మొత్తం తొమ్మిది చుక్కలు. అది నీటికన్నా సుమారు 23,000 కోట్ల రెట్లు చిక్కనిదని లెక్క తేలింది. జాన్ మెయిన్‌స్టోన్ అనే ఆయన 1961 నుంచి 2013లో చనిపోయేదాకా ఆ గరాటును కనిపెట్టుకుని ఉన్నారు. ఆయన హయాంలో ఐదు చుక్కలు రాలాయి. ఒక్కటి కూడా రాలుతుండగా కంటపడలేదు. అయినా విసుగు చెందలేదు. ఆ ఓర్పు అంటే నాకు ఎంతో గౌరవం. పగిలేదల్లా ఘనం కాదని నువ్వూ, పారడం అంటే ఏమిటో చూపించాలంటే ఇలా కూర్చుని చూడాలని బుజ్జీ తెలుసుకోవాలి.

మరి చర్చి కిటికీలు? కొన్ని అద్దాలు అడుగున మందంగా ఉండడం నిజమే. పైన మందంగా ఉన్నవీ ఉన్నాయి, పక్కన మందంగా ఉన్నవీ ఉన్నాయి. జారడం వల్లే అయితే మందం పైకెలా పోతుంది? ఆ రోజుల్లో గాజును ఊది, వేడి మీద గిరగిరా తిప్పి గుండ్రటి పలకగా పరిచేవారు. దాని మధ్యభాగం దగ్గర మందం ఎక్కువ. ముక్కలు కోస్తే ఒక అంచు లావు, ఒక అంచు సన్నం వస్తుంది. బిగించేవాడు బరువైన అంచును కిందికి పెట్టడం సహజం. మనం చూసే సమతలమైన అద్దాలు 1950లలో అలస్టేర్ పిల్కింగ్టన్ ఇంగ్లండ్‌లో కరిగిన తగరం మీద గాజును తేలనిచ్చే పద్ధతి కనిపెట్టాక వచ్చినవి.

కొందరు శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబీ అనే చర్చి పాత గాజులో ఉన్న పాళ్లతోనే గాజు చేసి, అది ఎంత జారగలదో కొలిచారు. తేలినదేమిటంటే, వంద కోట్ల ఏళ్లకు మహా అయితే ఒక నానోమీటరు. తల వెంట్రుక మందమే పదుల వేల నానోమీటర్లు ఉంటుంది. భూమి పుట్టిన రోజున ఒక కిటికీ బిగించి ఉంటే, అది ఇవాళ్టికి ఐదు నానోమీటర్లు కూడా జారి ఉండదు. కథ వినడానికి బాగుందని నమ్మేస్తే ఇంత గొప్ప సంఖ్య మన చేతికి వచ్చేదే కాదు. ఎవరైనా వింత చెబితే కాదనకండి, ఔననకండి. ఎవరు కొలిచారు అని అడగండి.

ఇంతా చెప్పాక ఒకటి అడుగుతారని తెలుసు. వరసకట్టకుండా అందరూ ఒక్కసారిగా అంత గట్టిగా ఎలా బిగుసుకుపోతారు? ఫొటోలో రెండూ ఒక్కలాగే ఉన్నప్పుడు, ఒకటి పారడానికీ ఇంకొకటి పారకపోవడానికీ అసలు తేడా ఎక్కడుంది? 1977లో నోబెల్ అందుకున్న ఫిలిప్ ఆండర్సన్, ఘనపదార్థాల శాస్త్రంలో ఇంకా విడిపడని ముడుల్లో బహుశా అన్నిటికన్నా లోతైనది ఇదేనని 1995లో రాశారు. ఇవాళ్టికీ అందరూ ఒప్పుకునే సమాధానం లేదు. మీ కిటికీలోనే, మీరు రోజూ బయటికి చూసే చోటే, అంత పెద్ద ప్రశ్న ఉంది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీద ఒకచోట నారింజరంగు మట్టి చూశారు. భూమికి తెచ్చి భూతద్దం కింద పెడితే అవన్నీ బుల్లి బుల్లి గాజు పూసలు. సుమారు 350 కోట్ల ఏళ్ల కిందట చంద్రుడిలోంచి నిప్పుల ఊటగా ఎగజిమ్మిన లావా, తుంపరలుగానే గడ్డకట్టింది. ఇన్ని కోట్ల ఏళ్లయినా ఆ గుండ్రదనం పోలేదు. వాటితోబాటే నల్ల పూసలూ దొరికాయి. పదార్థం అదే. కాకపోతే అవి కాస్త నిదానంగా చల్లబడ్డాయి, అందుకని లోపల వరసలు కట్టాయి. అదే మైదానం, అదే పిల్లలు. కొందరికి బెల్లు వినబడింది, కొందరికి "స్టాచ్యూ" వినబడింది.

ఇప్పుడు మీకో పని. భూతద్దం తీసుకుని రాళ్ల ఉప్పు గింజ ఒకటి చూడండి. చదునైన ముఖాలు, తిన్నటి మూలలు కనబడతాయి. వరసల గుర్తులవి. తర్వాత ఎక్కడైనా పగిలిన మందపాటి గాజు ముక్క ఉంటే పెద్దవాళ్లను పట్టుకోమని, మీరు ముట్టుకోకుండా, పగిలిన అంచును అదే భూతద్దంతో వెలుతురులో చూడండి. పగులు తిన్నగా పోయిందా, వంపు తిరిగిందా? ఎటు తిరిగితే అటు బొమ్మ వేసి పంపండి.

మీ తాతయ్య