గార తీయిస్తే పళ్ళు వదులవుతాయా? అపోహలు – వాస్తవాలు

మొన్న కొండపి వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ మా ఒంగోలు క్లినిక్‌కి వచ్చారు. పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళే మనిషి. కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టి తెచ్చిన చిన్న ముక్క నా చేతిలో పెట్టారు. "పన్ను విరిగింది డాక్టరమ్మా, మళ్ళీ అతుకుతుందా?" అన్నారు. శనగగింజంత ముక్క. ఒక వైపు గోధుమరంగులో గరుకుగా ఉంది. తిప్పి చూస్తే రెండు పళ్ళ వెనక భాగం అచ్చు పడినట్టు నున్నటి పల్లాలు. అది పన్ను కాదు, గార. కింది ముందు పళ్ళ వెనక ఏళ్ళ తరబడి పేరుకుని, చెక్క కొరుకుతుంటే ఊడి వచ్చింది. అప్పటి నుంచి నాలుక ఊరికే అక్కడికే పోతోందట, ఆ పళ్ళు కదులుతున్నాయట. "గార జోలికి పోవద్దని మా వాళ్ళు అందుకే అన్నారమ్మా, అది పోతే పళ్ళు నిలవవట" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఈ మాట నేను వినని వారం లేదు. అందుకే ముందుగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి, సందులు పడతాయి.

పళ్ళ మీద రోజూ మెత్తటి పాచి పడుతుంది. అదంతా సూక్ష్మజీవుల పొర. సరిగా తోమకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో చేరి, కొద్ది రోజుల్లోనే రాయిలా గట్టిపడుతుంది. అదే గార. లాలాజలం ఊరే నాళాలు నాలుక కింద, పై దవడ పళ్ళకు ఎదురుగా బుగ్గ లోపల తెరుచుకుంటాయి కాబట్టి గార కూడా ఆ చోట్లనే ఎక్కువగా పడుతుంది. దాని గరుకు మీద మళ్ళీ పాచి నిలుస్తుంది, చిగురు వాస్తుంది, పట్టించుకోకపోతే పన్నును పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది.

ఎముక కరిగి చిగురు దిగిన చోట ఏర్పడిన ఖాళీని గారే పూడ్చేస్తుంది. పక్కపక్క పళ్ళను సిమెంటు మెత్తినట్టు కలిపి పట్టుకుంటుంది. మనిషికేమో పళ్ళు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. గార తీయగానే అసలు స్థితి బయటపడుతుంది. వారం పది రోజుల్లో చిగుళ్ళ వాపు తీసి బిగుసుకుంటే సందు ఇంకొంచెం కనిపిస్తుంది కూడా. ఆ పెద్దావిడకు ఎక్స్‌రేలో ఎముక ఎంత దిగిపోయిందో వేలు పెట్టి చూపించాను. ఆ నష్టం ముక్క ఊడిన రోజు జరిగింది కాదు, పదేళ్ళుగా గార కింద నడుస్తూ వచ్చింది. పళ్ళు వదులవుతాయన్న భయంతో గార తీయించుకోకుండా ఉండి, చివరికి ఆ గార వల్లనే పళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: మిషను పంటి పైపొరను గీకేస్తుంది.

గార తీసే పరికరం కొన సెకనుకు పాతిక వేల సార్లకు పైగా కంపిస్తుంది. ఆ అదురుకు గార పెచ్చులుగా రాలుతుంది. నోట్లోకి చిమ్మే నీళ్ళు వేడి పుట్టకుండా చూస్తాయి, రాలినదాన్ని కడిగేస్తాయి. పంటి పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం. పద్ధతిగా చేస్తే దానికి ముప్పు లేదు. పంటిని నిజంగా అరగదీసేవి బొగ్గు పొడి, ఇటుక పొడి, బలమంతా పెట్టి అడ్డంగా తోమే బ్రష్షు. చిగురు దగ్గర పళ్ళు గొడ్డలితో గాటు పెట్టినట్టు కోసుకుపోయి వచ్చేవాళ్ళు నా దగ్గర తక్కువేమీ కాదు.

క్లీనింగ్ తర్వాత చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం ఉంటుంది. ఇన్నాళ్ళూ గార కప్పి ఉంచిన వేరు భాగానికి ఒక్కసారిగా చల్లదనం తగులుతుంది కాబట్టి అది సహజం. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

అపోహ: చిగుళ్ళ నుంచి రక్తం వస్తే అక్కడ తోమకూడదు.

అక్కడే తోమాలి, మెత్తటి బ్రష్షుతో. రక్తం వచ్చేది వాపు వల్ల. వాపుకు కారణం పాచి. మానేస్తే పాచి పెరుగుతుంది. ఇంకో సంగతి: చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళకు చిగుళ్ళ జబ్బు ముదిరినా రక్తం అంతగా కనబడదు. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. "నాకు రక్తమే రాదు, చిగుళ్ళు భేషు" అనుకునే పొగరాయుళ్ళు తప్పక చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళూ అంతే. షుగర్ అదుపు తప్పితే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగర్ ఒక పట్టాన అదుపులోకి రాదు.

గుండె కవాటం మార్పిడి జరిగినవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ మాట కుర్చీలో కూర్చోక ముందే చెప్పండి. మందులు మాత్రం సొంతంగా ఆపవద్దు. గర్భిణులు కూడా క్లీనింగ్ చేయించుకోవచ్చు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి అనుకూలంగా ఉంటుంది.

అపోహ: క్లీనింగ్ చేస్తే పళ్ళు తెల్లబడతాయి.

కనిగిరి, పొదిలి, మర్రిపూడి ప్రాంతాల నుంచి వచ్చేవాళ్ళకు ఇది వివరంగా చెప్పాల్సి వస్తుంది. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఎనామిల్‌లో మచ్చ పడుతుంది. ఆ గోధుమ చారలు పంటిలో భాగం. ఎన్నిసార్లు క్లీనింగ్ చేసినా పోవు. వాటికి వేరే చికిత్సలున్నాయి. ఆ మచ్చల కోసం నిమ్మరసం, వంటసోడా రుద్దుకోవద్దు, సంతలో ఎవరో యాసిడ్ పూస్తానంటే నోరు తెరవవద్దు. పులుపుకు కరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు.

పోయిన నెల కనిగిరి నుంచి ఒక యువతి పెళ్ళికి ముందు పళ్ళు తెల్లగా చేయించుకోవాలని వచ్చింది. తోడుగా వచ్చిన అక్క ఒళ్ళో మూడేళ్ళ బాబు. చెల్లెలి పళ్ళు చూసిన తర్వాత అక్కను అడిగాను, బాబు తాగేది బోరు నీళ్ళేనా అని. "అవునమ్మా, కానీ కాచి పడుతున్నాం" అంది. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. చెల్లెలి చికిత్సకు తేదీ రాసిచ్చాను. బాబుకు ఆ రోజు నుంచే శుద్ధి చేసిన నీళ్ళు మొదలుపెట్టమన్నాను. వాడి శాశ్వత దంతాలు లోపల ఇంకా తయారవుతూనే ఉన్నాయి.